పురుగుమందు చూపించిన గోవా

ఆ కాలంలో మా పత్తినేలల్లో ఒక రైతు ఎంతటివాడో తెలుసుకోవాలంటే అతని ఇంటి ముందువైపు చూడనక్కరలేదు. దొడ్లోకి వెళ్ళి, గోడవారగా పేర్చిన పురుగుమందు డబ్బాలు చూస్తే చాలు. పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా ఏ ఊళ్ళో చూసినా ఆ దొంతరలు నడుమెత్తున ఉండేవి. వాటిని చూసి ఎవరూ సిగ్గుపడేవారు కారు, కొందరు గర్వపడేవారు కూడా. ఎనభైల చివరి సంవత్సరాలవి. పైరు మీద తెల్లదోమ దిగింది, మందు కొట్టారు, దోమ పెరిగింది, ఇంకా కొట్టారు, ఇంకా పెరిగింది. ఈ వరసలో ఎక్కడో ఒక తర్కదోషం ఉన్నదని మా ప్రాంతంలో గ్రహించిన ఏకైక మేధావిని నేనేనని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకాన్ని కూడా పరీక్షించి ఉండవలసింది, కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషి తనను తప్ప లోకంలో అన్నిటినీ పరీక్షిస్తాడు.)

నేనప్పుడు గుంటూరులో ఒక కాలేజీలో రసాయనశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా చేరి ఏడాది అయింది. ఎవరేమి చెప్పినా ఆధారమేమిటని అడగడం నాకు ఊపిరి పీల్చడంతో సమానం. పాలవాడు "చిక్కటి పాలమ్మా" అంటే లాక్టోమీటరు ముంచేవాణ్ణి. మా నాయనమ్మ "కాకి అరిచింది, చుట్టాలొస్తారు" అంటే తేదీ వేసి రాసుకుని, నెలాఖరున "పద్నాలుగుసార్లు అరిచింది, ఇద్దరే వచ్చారు, వారిలో ఒకాయన కరెంటు మీటరు చూసేవాడు" అని నివేదిక సమర్పించాను. ఆవిడ ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం వడ్డించలేదు. అయినా నేను చలించలేదు. సత్యాన్వేషకులకు ఇటువంటి కష్టాలు తప్పవని పుస్తకాల్లో చదివి ఉన్నాను.

మా మావయ్య, అంటే మా అమ్మ అన్నగారు, పర్చూరు వైపు తారురోడ్డు పక్కనే ఐదెకరాల నల్లరేగడి చేను ఉన్న రైతు. మనిషి నిలువెత్తు, గొంతు అంతకంటే ఎత్తు. వరసగా రెండేళ్ళు ఆయన పత్తి తెల్లదోమ పాలైంది. ఆ రెండేళ్ళూ ఊళ్ళో అందరికంటే ఎక్కువ మందు కొట్టింది ఆయనే. ఆ మందు తయారుచేసే కంపెనీవారు డబ్బాకొక కూపను పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఎక్కువ కూపన్లు తెచ్చిన ఐదుగురు రైతులను, తోడు ఒక్కొక్కరితో సహా, గోవా తీసుకువెళతామని ప్రకటించారు. చేను ఎంత పాడైతే మందు అంత ఎక్కువ కొడతారు గనుక, గెలిచినవారి జాబితా నిజానికి మా ప్రాంతంలో అందరికంటే బాగా చితికిపోయిన ఐదుగురి జాబితా. అందులో మావయ్య పేరు మొదట ఉంది. ఊళ్ళో ఆయనకు దండ వేశారు.

తోడు వెళ్ళవలసిన అత్తయ్య ససేమిరా అన్నది. "మొగాళ్ళ మధ్య వ్యానులో ఇరుక్కుని నేనెక్కడికొస్తాను? పైగా అక్కడ ఆడోళ్ళు సగం గుడ్డలే కట్టుకుంటారంట."

"పోనీలేవే, నేను చూసొచ్చి చెబుతాగా!" అన్నాడు మావయ్య.

"నువ్వు చూడక్కర్లా. మీ మేనల్లుణ్ణి తీసుకుపో. వాడైతే దేన్ని చూసినా అనుమానంగానే చూస్తాడు."

ఆ విధంగా నేను ఎంపికయ్యాను. బయలుదేరే ముందురోజు మా అమ్మ గోంగూర పచ్చడి జాడీకి గుడ్డ కడుతూ, గొంతు తగ్గించి చెప్పింది: "ఒరేయ్ నాన్నా, మీ మావయ్య నా మాట వినడు. వదిన మాట అసలే వినడు. చదువుకున్నోడివని నీమీద గురి. వచ్చీరాగానే విత్తే రోజులు. దారిలో ఎట్లాగైనా పత్తి మానిపించరా. శెనగేసుకోమను, జొన్నేసుకోమను, ఏదైనా సరే. మూడో ఏడు కూడా పత్తేశాడంటే ఆ చేను మిగలదు." అలా అని ముడి బిగించింది. కట్టిన ముడినే విప్పి రెండుసార్లు మళ్ళీ కట్టింది. గుడ్డ సరిగా కుదరకపోవడంవల్ల అని నిర్ధారించుకున్నాను.

మాటడోరు వ్యాను కదిలింది. లోపల ఐదుగురు రైతులు, ఐదుగురు తోడు, కంపెనీ తరఫున ఒక యువకుడు. అతను జూన్ నెల ఎండలో కూడా టై కట్టుకుని ఉండటంవల్ల మావయ్య అతనికి మొదటి అరగంటలోనే టైబాబు అని పేరు పెట్టాడు. టైబాబుకు ఒక ఆశయం ఉంది. రోడ్డు పక్క చేను గనుక మావయ్య ఐదెకరాల్లోనూ ఈ ఏడు తమ కంపెనీ పద్ధతిలో పత్తి వేయించి, 'ఆదర్శ క్షేత్రం' అని బోర్డు పాతాలి. దానికి మావయ్య ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. కాగితం అతని చొక్కా జేబులో ఉంది. అంటే ఆ వ్యానులో మావయ్య పక్కన కూర్చున్న నాకూ, వెనక సీట్లోని అతనికీ పని ఒకటే. దిశలు మాత్రం వేరు. మిగిలినవారిలో చెప్పుకోదగినవారు ఇద్దరు. ఒకరు మిషను స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు. బావమరిదికి తోడుగా వచ్చారు. మెత్తని మనిషి, ప్రతి భోజనానికీ ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవారు. రెండోవారు డ్రైవరు భాయి. ఇరవై ఏళ్ళు మిర్చి లారీలు తోలి దేశమంతా తిరిగిన మనిషి, అడిగితే తప్ప మాట్లాడడు.

నంద్యాల దాటేదాకా నేను కిలోమీటరు రాళ్ళను బండి మీటరుతో సరిచూస్తూ కూర్చున్నాను. మీటరు వందకు నాలుగు ఎక్కువ చూపిస్తోందని ప్రకటించినప్పుడు వ్యానులో ఎవరూ స్పందించలేదు. బళ్ళారి దగ్గర అసలు విషయం ఎత్తాను. అంతకుముందు ఏడాది మావయ్య చేలోంచే దోమపట్టిన ఆకులు కోసుకొచ్చి నాలుగు గాజు జాడీల్లో పెట్టాను. ఒకదానిలో వట్టి నీళ్ళు చల్లాను. మిగతా మూడింటిలో అదే మందు: డబ్బా మీద చెప్పినంత, దానికి రెట్టింపు, దానికి నాలుగింతలు. మూతిని పలచని గుడ్డతో కట్టి మూడు రోజులు చూశాను. నాలుగింతలు పడిన జాడీలో కూడా దోమ హాయిగా ఎగిరింది. చచ్చినవల్లా ఆ దోమను తినే సాలీళ్ళూ, అక్షింతల పురుగులూను.

"అయితే ఏమంటావురా?" అన్నాడు మావయ్య.

"నువ్వు చంపుతున్నది దోమను కాదు మావయ్యా, దోమ శత్రువులను."

"మరి కొట్టకుండా ఊరుకోమంటావా?"

"పత్తి వేస్తే కొట్టకుండా నువ్వుండలేవు. అందుకే పత్తే వద్దంటున్నాను."

వెనకనుంచి టైబాబు ముందుకు వంగాడు. "సార్, జాడీ వేరు, చేను వేరండి. జాడీలో గాలాడక దోమ టెన్షన్లో ఉంటదండి. టెన్షన్లో ఉన్న దోమ మీద మందు పనిచెయ్యదండి."

"దోమకి టెన్షనేందయ్యా!" మావయ్య వెనక్కి తిరగకుండానే అన్నాడు. "రెండేళ్ళబట్టీ టెన్షన్లో ఉంది నేను."

వ్యానంతా నవ్వింది. ఆ నవ్వు చాలా కొద్దిసేపే ఉన్నది. పదిమందిలో ఐదుగురు అదే టెన్షన్లో ఉన్నవారని నాకప్పుడు తట్టలేదు.

హుబ్లీలో భోజనానికి ఆగాం. మావయ్య తాలింపులోంచి ఒక ఎండుమిరపకాయ ఏరి, వేళ్ళమధ్య నలిపి, గింజ చూసి, వాసన చూశాడు. "ఇది మన కాయ కాదు. తోలు ముడతలు చూశావా? రంగుకోసం వేస్తారిది. కారం ఉండదు." నేను ఆధారం అడిగాను. భాయి హిందీలో హోటలు యజమానిని విచారించి వచ్చి, "నిజమేనండి, పక్కనే బ్యాడిగి అని ఊరుందంట, అక్కడి కాయంట" అన్నాడు. మావయ్య నావైపు చూసి, "నీ జాడీలు నీకుంటే నా వేళ్ళు నాకున్నయ్ రా" అన్నాడు.

అంతవరకూ నా వాదనలన్నీ కాగితం మీద పెట్టుకున్నవే. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఎందుకో అప్పటికప్పుడు నోటికి వచ్చింది. "సరే, వేళ్ళనే అడుగుదాం. పోయినేడు దీపావళి నాటికి పత్తాకు పట్టుకుంటే నీ వేళ్ళకేం తెలిసింది మావయ్యా?"

ఆయన విస్తట్లోంచి చేయి ఎత్తి, వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్ది చూసుకున్నాడు. "బంక బంకగా ఉందిరా" అన్నాడు. "ఎంత కడిగినా పోలా. అన్నం తింటుంటే కూడా వేళ్ళు అతుక్కుంటున్నట్టే ఉండేది." ఇంక తినలేదు. చేయి కడుక్కొచ్చి వ్యాను నీడలో నిలబడి నన్ను పిలిచాడు. "ఒరేయ్ అల్లుడూ, నోటిమాటగా సరేనంటే నేనాగను. నా సంగతి నాకు తెలుసు. పక్క చేనోడు గింజ పెట్టడం చూస్తే చెయ్యూరుకోదు. ఒట్టేస్తే ఆగుతా. మా నాయన చుట్ట ఎట్టా మానాడనుకున్నావ్? కార్తీకమాసంలో కొత్తపట్నం పోయి, తెల్లారగట్ట సముద్రంలో మునిగి, నీళ్ళలోంచి పొద్దు పైకొస్తుంటే దోసిట్లో నీళ్ళు దానికేసి వదిలాడు. చచ్చేదాకా మళ్ళీ చుట్ట ముట్టలా. గోవాలోనూ సముద్రమేగా ఉంది! ఎల్లుండి పొద్దున ఎన్నింటికి పొడుస్తాడో చూడు. పత్తికి నీళ్ళొదిలేస్తా."

మా వైపు ఇది సామాన్యమైన ఆచారం. చుట్ట, సారా, పేకాట, తమ్ముడితో తగాదా, ఏది మానాలన్నా మాకు అందుబాటులో ఉన్నది కొత్తపట్నం సముద్రం, దానిలోంచి లేచే సూర్యుడు. ఉదయించే నక్షత్రం ఎదుట నీళ్ళు వదిలితే మనిషి బుద్ధి మారుతుందనడానికి ఎటువంటి శాస్త్రీయ ఆధారమూ లేదని నాకు తెలుసు. అయినా, ఫలితం మనకు అనుకూలమైనప్పుడు పద్ధతిని ప్రశ్నించనవసరం లేదని ఆ మధ్యాహ్నం ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. మావయ్య సంచిలో పంచాంగం ఉంది. నా జేబుడైరీ చివర ముఖ్యనగరాల రేఖాంశాలున్నాయి. వ్యాను ఎక్కగానే లెక్క మొదలుపెట్టి అందరికీ వినబడేలా వివరించాను: "గుంటూరు నుంచి గోవా ఆరున్నర డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవై ఆరు నిమిషాలు ఆలస్యం. గుంటూరులో అయిదూ ముప్పై ఎనిమిదికి పొడిస్తే, అక్కడ సరిగ్గా ఆరూ నాలుగుకు."

"చదువంటే అదీ!" అన్నాడు మావయ్య. మిగతావారు కూడా తలలూపారు. అందరం కలిసే వెళదామన్నారు. భాయి ఒక్కడే అద్దంలోంచి నావైపు చూసి, "పొద్దుపొడుపు సముద్రం కాడ చూస్తారా బాబూ?" అని అడిగాడు.

"అవును భాయ్."

"సరేనండి," అని గేరు మార్చాడు.

కనుమలు దిగుతూండగా మొదలైన వాన గోవాలో మర్నాడు రాత్రిదాకా పూర్తిగా ఆగలేదు. మా ఊళ్ళో పురుగుమందుల షాపు గోడమీద కంపెనీ అంటించిన గోవా బొమ్మ మా అందరి మనసుల్లోనూ ఉంది: నీలి సముద్రం, రంగుల గొడుగులు, గొడుగుల కింద అత్తయ్య భయపడినటువంటి స్త్రీలు. ఆ మధ్యనే రాష్ట్రమైన ఆ చిన్న సీమ మాకు కనిపించిన తీరు వేరు. ఇళ్ళ గోడలకు వానజల్లు తగలకుండా అల్లిన కొబ్బరాకులు కట్టారు. తీరం వెంట ఉండవలసిన పాకలు విప్పి వెదుళ్ళు ఒక మూల పేర్చారు. సముద్రం, ఆకాశం, రోడ్డు, మేము దిగిన లాడ్జి, అన్నిటిదీ ఒకే బూడిద రంగు. "ఇది సీజన్ కాదండి" అని టైబాబు గంటకొకసారి క్షమాపణ చెప్పుకున్నాడు. (సీజనులో ఐదుగురు పత్తిరైతులను గోవా తెచ్చే కంపెనీ ఎక్కడా ఉండదని నాకు వెంటనే అర్థమైంది.) విదేశీయులను చూడాలని అందరికీ ఉండేది. రోజంతా వెతికితే ఒక్కడు కనిపించాడు. చెవులదాకా రెయిన్‌కోటు తొడుక్కుని, మందుల షాపు ముందు నిలబడి తుమ్ముతున్నాడు. మావాళ్ళు వరసగా నిలబడి అతన్ని కాసేపు చూశారు. అతనూ మమ్మల్ని చూశాడు. ఇరుపక్షాలకూ నిరాశే కలిగిందనుకుంటాను.

తర్వాత ఒక పాత చర్చికి తీసుకెళ్ళి, "ఆసియాలోకెల్లా పెద్దది సార్" అన్నాడు టైబాబు. నేను వెంటనే పొడవును అడుగులతో కొలవడం మొదలుపెట్టాను. సగం దూరం వెళ్ళేసరికి మిషను మాస్టారు బల్లమీదనుంచి మెల్లగా నా చేయి పట్టుకున్నారు. "కూర్చోవయ్యా. దేవుడింట్లో కూడా తూకాలూ కొలతలేనా?"

"నిజమో కాదో తెలియాలి కదండీ మాస్టారూ."

"తెలుసుకుని ఏం చేస్తావు? ఇంకోటి కట్టిస్తావా?" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. లెక్క తప్పిపోయింది. మళ్ళీ మొదటినుంచి కొలుద్దామంటే టైబాబు భోజనాల వేళైందన్నాడు.

మావయ్య ఇవేవీ చూడలేదు. వ్యాను కిటికీలోంచి, లాడ్జి వరండాలోంచి, ఎక్కడ కూర్చున్నా వాననే చూశాడు. మా నేలమీద మేఘం కనిపిస్తే పిల్లలను కూడా నిద్రలేపి చూపిస్తారు. సాయంత్రం సముద్రం మీద ధారలుగా కురుస్తున్న వానను చాలాసేపు చూసి ఆయన, "ఇంత వాన ఉప్పునీళ్ళలో పోస్తున్నాడ్రా దేవుడు" అన్నాడు. ఆ వాక్యానికి ఆధారం అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు అయిదున్నరకే మేమంతా తీరంలో ఉన్నాం. ఎవరో మాట ఇచ్చినట్టు వాన ఆగింది. తడి ఇసుకలో నడుస్తూ మావాళ్ళందరూ సముద్రానికి ఎదురుగా బారుగా నిలబడ్డారు. సముద్రమంటే ఎదురుగా తూర్పు అన్నది మాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం. కొత్తపట్నంలో, వాడరేవులో, మా తాతలు, మేము, మా పిల్లలు, అందరం సముద్రాన్ని చూసింది తూర్పుకు తిరిగే. దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, కనుక ఎవరూ ఎప్పుడూ ప్రశ్నించలేదు. కొంచెం ఎడంగా భాయి తువ్వాలు పరిచి నమాజు చేసుకుంటున్నాడు. గుంటూరులో ముస్లిం సోదరులు నమాజుకు పడమటికి తిరుగుతారని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇక్కడ భాయి సముద్రానికి తిరిగి నమాజు చేస్తున్నాడు. రెండూ నా కళ్ళముందే ఉన్నాయి. శాస్త్రం చదివిన నేను వాటినుంచి తీసిన నిర్ధారణ ఏమిటంటే, ఇంటినుంచి ఇంత దూరం వచ్చాక ఆచారాల్లో కొంత సడలింపు ఉంటుంది కాబోలని.

ఆరు కావస్తూండగా మావయ్య చొక్కా విప్పి, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. అలలు పెద్దవిగా ఉన్నాయి. మోకాటి లోతులోనే కూర్చుని మూడు మునకలు వేసి, లేచి, దోసిట నీళ్ళు పట్టి, ఎదుటి మబ్బుకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను గడియారం చూస్తూ ఒడ్డునుంచి నిమిషాలు చెప్పసాగాను. "ఆరూ రెండు మావయ్యా... ఆరూ మూడు..." ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒట్టు మాటలు కూడబలుక్కుంటున్నాడని నాకు తెలుసు. మా అమ్మకు ఏమని చెప్పాలో కూడా అనుకున్నాను. "ఆరూ నాలుగు!"

వెలుగు వచ్చింది. లెక్క తప్పలేదు. లేత ఎరుపు వెలుగు ఇసుకంతా పాకింది. నా నీడ నా ముందు పడింది. పొడుగ్గా, సన్నగా, గడియారం చూస్తున్న ఒక తెలివైన యువకుడి నీడ, నా పాదాల దగ్గర మొదలై నీళ్ళలోకి వెళ్ళింది. మావయ్య నీడ ఆయన ఎదుట అలమీద విరిగింది, మళ్ళీ అతుక్కుంది. నీడ ముందు ఉంటే దీపం వెనక ఉంటుందని మూడో తరగతిలో చెబుతారు. నాకు దాదాపు పది సెకన్లు పట్టింది.

ఒడ్డున ఉన్న మేమందరం ఒకేసారి వెనక్కి తిరిగాం. కొబ్బరిచెట్ల సందున, లాడ్జి నీళ్ళ టాంకీ పక్కన, సూర్యుడు నిశ్చింతగా ఉన్నాడు. ఆ వెలుగులోంచి గొడుగు ఊపుకుంటూ, అప్పుడే నిద్రలేచిన టైబాబు వస్తున్నాడు. "ఏంటి సార్, అందరూ అటు తిరిగి నిలబడ్డారు? పొద్దుపొడుపు ఇటండీ! ఇక్కడ సముద్రంలో సాయంత్రం కుంకుతాడండి!" అని, సంగతి అర్థమై, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయ్యయ్యో, సైన్సు గారూ! నిమిషాలతో సహా చెప్పారు గదండీ!"

మిగతావారు కూడా నవ్వారు. ఒకాయన "ఆరూ నాలుగూ!" అని నా గొంతుతో అన్నాడు. మాస్టారు ఒక్కరే, "సూర్యుడు వెనకనుంచి పలకరించాడు, అంతేగదయ్యా" అని నా భుజం తట్టారు. మావయ్య మాత్రం తిరగలేదు. కాసేపు అలాగే పడమటి మబ్బుకేసి చూస్తూ నిలబడ్డాడు. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. తర్వాత ఖాళీ చేతులు పంచెకు తుడుచుకుని ఒడ్డుకు వచ్చాడు.

"మావయ్యా, ఇటు తిరిగి వదిలేద్దాం. సూర్యుడక్కడే ఉన్నాడుగా. ఇంకా లేత పొద్దే" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ముహూర్తం పోయిందిలేరా."

"ముహూర్తానిదేముంది? నా జాడీలు..."

"ఒరేయ్," అన్నాడు. కోపం లేదు, ఉన్నా బాగుండేది. "తూర్పేదో పడమరేదో తెలవలా నీకు. నా చేలో ఏం వెయ్యాలో నీకెట్టా తెలుస్తదిరా?"

దీనికి సమాధానం నాకు ఇప్పటికీ తెలుసు. దిక్కు తప్పిన మనిషి జాడీల్లో చూసింది తప్పు కానక్కరలేదు. రెండూ వేర్వేరు విషయాలు. ఈ మాట తర్కబద్ధంగా, మూడు అంశాలుగా, ఆయనకు అక్కడే వివరించాను కూడా. తల తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. విని, ఇడ్లీల బల్ల దగ్గర టైబాబు కాగితం మీద సంతకం పెట్టాడు. నేను భాయి దగ్గరికి వెళ్ళి, "ముందే తెలిసి కూడా చెప్పలేదేం భాయ్?" అని నిలదీశాను. ఆయన నొచ్చుకున్నాడు. "అడిగాగదండీ బాబూ, సముద్రం కాడేనా అని. అవునన్నారు. డిగ్రీలు గిగ్రీలు చెబుతుంటే, చదువుకున్నోళ్ళు వేరే ఏదో చూస్తారేమో అనుకున్నానండి."

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో కూర్చున్నాను. కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టలేదు. ఇంటి దగ్గర అమ్మ గుమ్మంలోనే నా ముఖం చూసి, ఏమీ అడగకుండా ఖాళీ పచ్చడి జాడీ అందుకుని లోపలికి వెళ్ళింది.

మావయ్య ఐదెకరాలూ పత్తి వేశాడు. దసరా సెలవుల్లో వెళ్ళి చూశాను. మొక్కను ముట్టుకుంటే తెల్లగా పొగలాగా లేచింది దోమ. ఆకులు బంకతో మెరిసి, దానిమీద మసి పట్టి నల్లబడ్డాయి. విచ్చిన కాయల్లో పత్తి కూడా బూడిదరంగులోనే ఉంది. చేలో దృఢంగా, ఆరోగ్యంగా నిలబడినది 'ఆదర్శ క్షేత్రం' బోర్డు ఒక్కటే. టైబాబుకు వేరే జిల్లాకు బదిలీ అయిందన్నారు. సంక్రాంతి లోపలే రోడ్డు పక్క మూడెకరాలు అమ్మేశారు, వేసవికి మిగతా రెండు. మావయ్య, అత్తయ్య చీమకుర్తి వెళ్ళారు. అక్కడ గ్రానైటు పలకలు కోసే ఒక యూనిట్లో ఆయనకు గేటు దగ్గర పని దొరికింది.

కొన్నేళ్ళ తర్వాత అటు పని పడి వెళ్ళాను. ఆ మధ్య కాలంలో పెళ్ళిళ్ళలో కలుసుకున్నాం గానీ గోవా మాట ఎత్తలేదు. గేటు పక్క రేకుల షెడ్డులో కూర్చుని వచ్చే పోయే లారీల నంబర్లు రాస్తున్నాడు. కనుబొమల మీద రాతిపొడి. రాళ్ళు కోసే మోతలో ఆయన గొంతు మొదటిసారి మామూలు గొంతులాగా వినిపించింది. టీ తెప్పించాడు. నేను ఎన్నో ఏళ్ళుగా కూర్చి పెట్టుకున్న వాక్యాన్ని చెప్పేశాను: "ఆ రోజు నేను దిక్కు సరిగా చూసి ఉంటే, నువ్వు ఒట్టేసేవాడివి మావయ్యా. చేను మిగిలేది."

ఆయన నన్ను వింతగా చూసి, ఒక లారీ నంబరు రాసి, అప్పుడు నవ్వాడు. "పిచ్చోడా! ఇన్నాళ్ళబట్టీ ఇది మోస్తున్నావా? అక్కడ సముద్రం పడమరని నాకు ముందురోజే తెలుసురా. సాయంత్రం లాడ్జి కాడ భాయి చెప్పాడు."

"మరి అటు తిరిగి నీళ్ళెందుకు పట్టావు?"

"పడమటికి తిరిగి వేసిన ఒట్టు ఒట్టు కాదుగా! నీకిచ్చిన మాట చెల్లుద్ది, పత్తి వేసుకోవచ్చు. నేను వేసేవాణ్ణేరా, ఏ దిక్కున పొడిచినా. నీ తప్పేం లేదు, టీ తాగు, చల్లారుద్ది."

తిరుగు బస్సులో నేను నా అలవాటు ప్రకారం సాక్ష్యాలు పరిశీలించాను. ఆ ముందు సాయంత్రమంతా ఆయన నా పక్కనే వరండాలో కూర్చుని వాన చూశాడు. భాయి వచ్చినట్టు నాకు గుర్తులేదు. కానీ మధ్యలో నేను స్నానానికి వెళ్ళాను. తెలిసి చేసిన మనిషైతే, అందరూ తిరిగాక కూడా ఆయన ఒక్కడే అంతసేపు అలా నిలబడిపోవడం ఎందుకు? నా బరువు దించడానికి ఇప్పుడు కల్పించి చెప్పాడేమో. కానీ మావయ్య మంచి నటుడు; అత్తయ్య దగ్గర రోజూ చేసేవాడు. ఒకటి మాత్రం స్పష్టం: నిజం తెలిసినవాడు భాయి ఒక్కడే. ఆ ఆదివారమే వెతుక్కుంటూ గుంటూరులో భాయి ఇంటికి వెళ్ళాను.

చూపు తగ్గడంతో ఆయన బండి తోలడం మానేశాడు. నన్ను గొంతుతో గుర్తుపట్టి, మంచం మీద చోటిచ్చి, లోపలికి టీ కేకేశాడు. "ఏం పనిమీద వచ్చారండి బాబూ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. ప్రశ్న సిద్ధంగా ఉంది, చిన్నదే, అవునో కాదో రెండే సమాధానాలు. "ఏం లేదు భాయ్, ఊరికే చూసిపోదామని" అన్నాను.

ఆ జవాబు చెప్పిన యువకుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. కొంచెం ఇష్టం కూడా కలుగుతుంది. అంతకుముందు నాకతనితో అంత పరిచయం లేదు. భాయి ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. ఆయన మిర్చి లారీల కబుర్లు చెప్పాడు, చాలావరకు నమ్మశక్యం కానివి. నేను తలూపుతూ అన్నీ విన్నాను. టీలో అల్లం కాస్త ఎక్కువైంది.